నూట పద్దెనిమిదో డబ్బీ

ముప్పై ఏళ్ళు లైబ్రరీలో పుస్తకాలకు కార్డులు రాసిన మనిషికి, రిటైరైతే మాత్రం చేతులు ఊరుకుంటాయా? వీధంతా కార్డులమ్మ అని పిలిచే ఆవిడ మొగుడి దుకాణం మీద పడింది. ఆయన మడత కెమెరాలు బాగుచేసి అమ్ముతాడు. మూత తెరిస్తే తోలు తిత్తి సాగి లెన్సు ముందుకొస్తుందే, ఆ పాతకాలపువి. ఆయన చేతిమీదుగా పోయిన నాలుగు వందల పన్నెండు కెమెరాల వివరాలూ కంప్యూటర్లోకి ఎక్కిస్తే, ఎవరికేది సరిపోతుందో చిటికెలో చెప్పొచ్చని ఆవిడ పంతం.

రీలు సైజు, లెన్సు, తిత్తికి చిల్లులు, అన్నీ సాఫీగానే సాగాయి. తగువంతా గాట్ల దగ్గరే. ఫిల్ము ఆనే ఇనుప చట్రానికి ప్రతి కెమెరాలో ఎక్కడో ఓ చోట సన్నటి గాట్లుంటాయి. అవి నెగెటివ్ అంచున అచ్చుపడతాయి. ఈయన వాటన్నిటినీ భూతద్దంతో చూసి రాసిపెట్టాడు.

"ఇవి కొనేవాళ్ళకి దేనికండీ?"

"ఈ ఫోటో ఏ కెమెరాతో తీశారని ఎవరైనా అడిగితే?"

"ఎవరడుగుతారు?"

"అడిగినప్పుడు చూద్దాం. ముందు ఎక్కించు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆవిడ గొణుక్కుంటూనే ఎక్కించింది. ఆయనకు ఇంకో చాదస్తం కూడా ఉంది. కెమెరాలో ఎవరో మరిచిపోయిన రీలు దొరికితే ఆయన పారెయ్యడు, అలాగని మందులో కడిగి బొమ్మలూ చూడడు. పరాయివాళ్ళది అడక్కుండా ఎలా చూస్తామంటాడు. కెమెరా నంబరేసి డబ్బీలో దాస్తాడు. దానికీ ఓ గడి కేటాయించాల్సి వచ్చింది.

ఒకరోజు పొద్దున ఆసుపత్రి నర్సొకామె వచ్చింది. నలభైకి దగ్గర్లో ఉంటుంది.

"మా నాన్న దగ్గర ఒకటుండేది, అలాంటి కెమెరా కావాలి పిన్నిగారూ. మడత పడుతుంది, జేబులో పడుతుంది. అంతకుమించి తెలీదు."

"ఇక్కడున్నవన్నీ మడతపడేవేనమ్మా," అంది కార్డులమ్మ.

నర్సు సంచిలోంచి ఒక నెగెటివ్ తీసింది. నిండు కడుపుతో గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి. "మా అమ్మ. నాన్న ఆ కెమెరాతోనే తీశాడు, పాత రీల్లో. నేను పుట్టిన తొమ్మిదో రోజున పోయింది. నన్నెత్తుకున్నప్పుడు నాన్న ఫోటో తీశాడట. ఆ బాధలో రీలు తియ్యకుండానే కెమెరా అమ్మేశాడు. అమ్మ నన్నెత్తుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఇక చూడను కూడా. కనీసం అలాంటి కెమెరా ఒకటి ఇంట్లో ఉంటుందని."

ఆయన భూతద్దం తెచ్చాడు. అంచున మూడు గాట్లు, నడిమిది లోతు. కార్డులమ్మ "పైన, కుడి మూల" అని కొట్టింది. ఒక్కటీ రాలేదు. నర్సు మొహం వాడిపోయింది.

"కెమెరాలో బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమై పడుతుందే. కింద, ఎడమ మూల అని కొట్టు," అన్నాడాయన.

కొట్టింది. నాలుగు వందల పన్నెండింటిలో ఒకే ఒక్క వరుస నిలిచింది. నంబరు నూట పద్దెనిమిది. కెమెరా ఎప్పుడో అమ్ముడుపోయింది. పక్క గడిలో మాత్రం రెండు మాటలున్నాయి: రీలు ఉంది.

కార్డులమ్మ ఆ రెండు మాటలూ మళ్ళీ చదివింది. లక్ష పుస్తకాలకు కార్డులు రాసింది గానీ, ఒక గడి తనకేసి ఇలా తిరిగి చూడడం ఆవిడ ఎరగదు. ఎందుకూ కొరగావని తాను తిట్టుకుంటూ కొట్టిన అక్షరాలివి. మొగుడి మొహం చూడటానికి సిగ్గేసింది.

"కడగమంటావా అమ్మా? ఇన్నేళ్ళ రీలు. ఏమీ రాకపోవచ్చు," అన్నాడాయన నర్సుతో.

ఆమె తలూపింది.

ఎనిమిది బొమ్మల్లో ఏడు మసిబారిపోయాయి. మిగిలిన ఒక్కదాన్నీ ఆయన కాగితం మీద వేసి, ఎర్ర దీపం కింద మందు పళ్ళెంలో ముంచాడు. ముగ్గురూ పళ్ళెం మీదికి వంగారు. తెల్లకాగితం మీద ముందు జుట్టు నల్లబడింది, తర్వాత కళ్ళు, తర్వాత నవ్వు. చిక్కిపోయిన ఓ తల్లి రెండు చేతులా పసిగుడ్డును ముందుకు చాచి చూపిస్తోంది. తల్లి కనురెప్పలు కూడా లెక్కపెట్టొచ్చు. బిడ్డే మసకమసగ్గా ఉంది.

"నేనే సరిగ్గా పడలేదు," అంది నర్సు సన్నగా.

"ఈ కెమెరాల్లో దూరం కళ్ళకి తెలీదమ్మా. అడుగులేసి కొలుచుకుని లెన్సు తిప్పాలి. కొలిచినంత దూరంలో ఉన్నదే తేటగా పడుతుంది," అన్నాడాయన.

ఆమె ఫోటో మీదికి ఇంకాస్త వంగింది. "అయితే నాన్న అమ్మదాకా కొలిచాడు," అంది. "నన్ను ముందుకు చాచింది అమ్మే."