చెప్పిన ధరకే సరే

కస్టమ్స్ ఇన్‌స్పెక్టరమ్మకు సిగరెట్లు అమ్మేవాడే దొరకడం లేదు. పన్ను ఎగ్గొట్టి తెచ్చిన సరుకును ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లను, కొనేదానిలా నటించి పట్టుకోవడం ఆమె పని. "టీ పొడి" పేరుతో సిగరెట్లు అమ్మే ఒక ఘనుడి వెంట ఎన్నాళ్లుగానో పడుతోంది. వాడు ధర చెప్పడం, ఈవిడ "సరే" అనడం, వాడు మాయమవడం. ఈసారీ జారవిడిస్తే మళ్లీ పార్సిళ్ల మీద ముద్రలు గుద్దే బల్ల దగ్గరికి పంపేస్తానని పైఅధికారి తేల్చి చెప్పాడు. ఆ మాట తలచుకుంటేనే ఆమెకు ఏడుపొస్తోంది.

ఆదివారం వంటింట్లో కూర్చుని, కొత్త నంబరుతో మళ్లీ మొదలుపెట్టింది. ఉల్లిపాయలు తరుగుతున్న అత్తగారు ఫోన్‌లోకి తొంగిచూసి ముక్కున వేలేసుకుంది.

"అడిగినంతా ఇచ్చేస్తావా? డబ్బులేమైనా చెట్లకు కాస్తున్నాయా?"

"ప్రభుత్వం డబ్బు అత్తయ్యా."

"అందుకే వాడు పసిగట్టేస్తున్నాడు. సొంత డబ్బు పెట్టేవాళ్లు బేరమాడకుండా ఉంటారుటే? ఇలా తే."

చేతిలోంచి ఫోన్ లాక్కుని నేరుగా వాడికే ఫోన్ చేసింది.

"ఏం నాయనా, మాకు కొట్టుంది. పెట్టెలకు పెట్టెలు కొంటాను. అదేం ధర, బంగారమా? సగానికివ్వు. సరుకు కళ్లారా చూడందే మాత్రం కొనను."

వాడు బతిమాలాడు, ఒట్లు వేశాడు. ఆవిడ మెట్టు దిగలేదు. చివరికి ప్రాణం విసిగి, పరుపుల దుకాణం వెనకున్న గోదాముకే రమ్మన్నాడు.

మర్నాడు అత్తగారు ఒక్కతే లోపలికి వెళ్లింది. సరుకు కనబడగానే గట్టిగా దగ్గాలని ఒప్పందం. సిబ్బందితో గోడవతల నక్కిన కోడలికి ఎంతకీ దగ్గు వినబడలేదు. ఉద్యోగం పోతే పోయింది, ఈవిడకేమన్నా అయితే తను బతకగలదా? ఇక ఆగలేక సిబ్బందితో తలుపు తోసుకుని లోపలికి ఉరికింది.

సిగరెట్ల పెట్టెల మధ్య అత్తగారు దర్జాగా కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా ఘనుడు తల పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"దగ్గమన్నాను కదా అత్తయ్యా!" కోడలికి కళ్లనీళ్లు ఆగలేదు.

"ఉండవే, ఇంకాస్త దిగుతున్నాడు."

వాడు చటుక్కున లేచి కోడలికి దణ్ణం పెట్టాడు.

"మేడమ్, ఇంకో గోదాము కూడా ఉంది, నేనే చూపిస్తాను. ముందు ఈవిణ్ని ఇక్కణ్నుంచి పంపించెయ్యండి!"