బండ మీది పాట

"ఇయ్యాల బట్టలు పిండకు. సప్పుడు రికార్డింగుల పడ్తది," అన్నాడు రాయమల్లు, అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకుంటూ.

సారవ్వ అప్పటికే అతని బొగ్గుగని డ్యూటీ డ్రెస్సును బకెట్లో నానబెట్టేసింది. ఆదివారం మధ్యాహ్నంలోపల ఉతికి ఆరేస్తే గానీ సోమవారం మొదటి షిఫ్టుకు ఆ మందపు గుడ్డ ఎండదు. ఈ సంగతి ఇరవై నాలుగేళ్లుగా ఆమెకు తెలుసు, అతనికి తెలియదు. అతనికి తెలిసిందల్లా, తెల్లారగట్ల చెయ్యి చాపితే దండెం మీద డ్రెస్సు ఉంటుందని. "మరి రేపెట్ల?" అని అడిగింది. "ఎట్లనో ఒకట్ల చెయ్యి. ఎన్నడో ఒకనాడు మనింటికి కెమెరా వస్తది, గప్పుడే నీకు బట్టలు యాదికొస్తయి," అన్నాడు.

కెమెరా తెచ్చే పిల్ల పేరు సుప్రజ. తండ్రి కోస్తా నుంచి వచ్చి ఇక్కడి గనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఆ పిల్ల గోదావరిఖనిలోనే పుట్టి పెరిగి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. సెలవు దొరికినప్పుడల్లా ఈ బొగ్గు ఊళ్లలో పాడేవాళ్లనీ ఆడేవాళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడించి యూట్యూబులో పెడుతుంది. పోయిన నెల గోలేటిలో ఒగ్గుకథ చెప్పే ముసలాయనతో మాట్లాడింది. ఈసారి వంతు రాయమల్లుది, అతనితో స్టేజీ మీద పాడే సంధ్యారాణిది. వాళ్లిద్దరికీ పేరు తెచ్చిన 'నల్లనీళ్ల పాట' గురించే ముచ్చటంతా. "పాట, బాణీ రాయమల్లు అని కింద అక్షరాలు పడ్తయట. ఒకపారి నెట్లకెక్కినంక ఇగ గదే రాత, ఎవ్వడు చెరపలేడు," అని అతను నాలుగు రోజులుగా క్వార్టర్ల లైనంతా చెప్పుకుని తిరుగుతున్నాడు.

ఆ పాట సారవ్వది.

పెళ్లయి ఈ క్వార్టరుకు వచ్చిన ఏడాది, మామది ఒకటి, మొగుడిది ఒకటి, రెండు బొగ్గు డ్రెస్సులు ఆమె చేతికొచ్చాయి. బొగ్గు డ్రెస్సు ఉతకడం చీర జాడించినట్టు కాదు. మొదటి నీళ్లు తారులా పోతాయి, రెండో నీళ్లు డికాక్షన్‌లా పోతాయి, మూడోసారికి గానీ గుడ్డ రంగేమిటో తెలియదు. తడిసిందంటే మనిషంత బరువు. ఉతుకు బండ మీద మూడు దెబ్బలు కొట్టాలి, ఆగాలి, రెండు చేతులతో ఎత్తి తిప్పాలి, మళ్లీ మూడు కొట్టాలి. ఆ మూడు దెబ్బల మీద, ఆ ఆగడం మీద మాటలు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి.

*నల్లనీళ్లు పారెనమ్మా నా వాకిట్ల*
*నీ ఒంటి చీకటంత నా చేతుల్ల*

"కోడలు బండకాడ రాగాలు తీస్తున్నదని లైనంత నవ్వుతున్నరు, నోరు మూసుకొని పిండు," అంది అత్త సమ్మవ్వ. సారవ్వ నోరు మూసుకుంది. రాయమల్లు మాత్రం చెవులు మూసుకోలేదు. ఒకనాడు కార్మికుల మీటింగులో అదే పాట, 'నా వాకిట్ల'ను 'మన వాకిట్ల' చేసి పాడి వచ్చాడు. గది నేను కట్టిన పాట గద అంటే, "పాట నీది గాదు, నాది గాదు, ప్రజలది," అన్నాడు. తర్వాత ప్రజలు శాలువాలు కప్పింది మాత్రం అతనొక్కడికే. ఆ శాలువాలు ఉతికింది కూడా సారవ్వే. అతను ఎత్తుకుపోయింది మూడు చరణాలు. ఇంకా రెండు తర్వాత కట్టుకుంది గానీ ఎవరి ముందూ నోరు విప్పలేదు.

ఇక సంధ్యారాణి. ప్రైవేటు బడిలో టీచరు, ముప్పై కూడా దాటలేదు. రెండేళ్ల కింద వచ్చి రాయమల్లు జట్టులో కలిసింది. రాయమల్లును అన్న అంటుంది, సారవ్వను వదిన అంటుంది, గొంతు విప్పితే దారిన పోయేవాళ్లు సైకిలాపి వింటారు. "సారక్కా, జర నీ మొగన్ని చూసుకో, జోడు మంచిగ కుదిరింది," అని లైనులో ఆడవాళ్లు నవ్వుతారు. సారవ్వకు కడుపులో మంట నిజం. అది మొగుడి కోసమేననుకుంది. చొక్కాలు వాసన చూసింది, అతను స్నానానికి పోయినప్పుడు ఫోనెత్తి చూసింది. ఏమీ దొరకలేదు. దొరికితే బాగుండుననిపించింది, కనీసం ఆ మంటకో పేరుండేది.

పదకొండింటికి అందరూ వచ్చారు. ముందు గదిలో శాలువాలన్నీ గోడకు వేలాడదీసి, వాటి కింద రెండు కుర్చీలు వేశాడు రాయమల్లు. "జల్ది కానిద్దాం అమ్మా, గనిల బ్లాస్టింగ్ మొదలైతే గిన్నెలు గూడ కదుల్తయి," అన్నాడు. సారవ్వ చాయ్ ఇచ్చి వంటింటి తలుపు చాటుకు వచ్చి నిలబడింది.

"ఈ పాట మీలో ఎలా పుట్టిందండీ?" అంది సుప్రజ.

"బొగ్గు బాయిల పుట్టిందమ్మా. భూమి లోపల కప్పు కూలకుండ కట్టె దిమ్మె నిలవెట్టి కొడ్తం. మూడు దెబ్బలు కొట్టినంక ఆగుతం. ఎందుకు? పైన కప్పు సప్పుడు వినాలె. గా ఆగుడుల ఉంటది కార్మికుని పానం. గక్కడ పుట్టింది నా పాట."

సుప్రజ కళ్లు చెమర్చాయి. అబద్ధం కూడా ఇంత అందంగా ఉండటం చూసి సారవ్వకు ఇంకా మండింది.

"ఆ ఆగే చోట మీరు ఒక రాగం తీస్తారు కదా?" అని సంధ్యారాణి వైపు తిరిగింది సుప్రజ.

"అవునక్కా. గది శానా సాధన చేసి పెట్టుకున్న. ఉత్తగ ఖాళీగ ఉంటె పాట చచ్చిపోయినట్టు అనిపిస్తది."

ఖాళీ అట! సారవ్వ చాయ్ జల్లెడ పక్కన పెట్టి తలుపు సందులోంచి చూసింది. ఎదుటి మనిషి చెప్పే జవాబు కోసం సుప్రజ ముందుకు వంగి, చెంపకు చెయ్యి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. సారవ్వను ఎవరూ ఎన్నడూ అలా చూస్తూ ఏమీ అడగలేదు. తువ్వాల యాడుంది, కూరేంది, నీళ్లు కాగినయా, ఇవే ఆమెను అడిగిన ప్రశ్నలు. ఇంత బతుకులో 'ఎలా పుట్టింది' అన్న ప్రశ్న ఒక్కటి ఆమె దగ్గరికి రాలేదు. అప్పుడు తెలిసింది ఆమెకు. సంధ్యారాణి ఈ క్షణమే రాయమల్లును తీసుకుపోతానంటే టిఫిన్ బాక్సు మూతతో సహా ఇచ్చి పంపేది. కడుపు మండుతున్నది మొగుడి కోసం కానే కాదు. ఆ కుర్చీని చూసి. ఆ మైకును చూసి. తన పాటను నోట్లో పెట్టుకున్న ఆ గొంతును చూసి. ఇంకాసేపట్లో ఆ అక్షరాలు పడిపోతే, తన పాటను తనే అద్దెకు విన్నట్టు వింటూ బతకాలి.

"ఇప్పుడు డప్పు లేకుండా, ఉత్త గొంతులతో పాడతారా?" అంది సుప్రజ.

డప్పు కొట్టే బిక్షం డ్యూటీలో ఉన్నాడు. ఇద్దరూ ఎత్తుకున్నారు. రెండో పాదానికే రాయమల్లు ముందుకు పోయాడు, సంధ్యారాణి వెనకబడింది. మళ్లీ ఎత్తుకున్నారు, మళ్లీ తప్పింది. మూడోసారి ఎక్కడ ఆగాలో ఇద్దరికీ తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తన బిడ్డ పరాయి ఇంట్లో తడబడి పడుతున్నట్టు తలుపు చాటున సారవ్వ ప్రాణం కొట్టుకుంది. కానీ నిజం దాచడమెందుకు, సంతోషం కూడా వేసింది.

రాయమల్లు నీళ్లు తాగే వంకతో లోపలికొచ్చి గొంతు తగ్గించాడు. "సారా, ఎనకకు పోయి బండ మీద జర కొట్టు. దెబ్బ అందుకుంటం."

"పిండొద్దంటివి?"

"గిప్పుడు పిండు. కెమెరాకు కనవడకు."

అంటే తెలుసన్నమాట. ఎవరి పాటో, ఏ చేతుల్లోంచి వచ్చిందో ఈ మనిషికి మొదటి నుంచీ తెలుసు. మరచిపోయాడేమోనని ఇన్నేళ్లు అతన్ని లోలోపల క్షమిస్తూ వచ్చింది. సారవ్వ పెరట్లోకి వెళ్లింది. బకెట్లోంచి డ్రెస్సు ఎత్తి బండ మీద వేసింది. మూడు దెబ్బలు, ఆగి, తిప్పి, మళ్లీ మూడు. లోపల పాట లేచి నిలబడింది. ఎంత బాగా నిలబడిందంటే సుప్రజే మధ్యలో ఆపేసింది.

"అబ్బ, ఇప్పుడెంత బాగా కుదిరింది! వెనక ఆ చప్పుడేమిటండీ?"

"ఏం లేదమ్మా, మా ఇంటామె బట్టలు పిండుతున్నది. పనిల ఉంటె ఆమెకు లోకం తెల్వది. ఆపమంట తియ్యి."

"వద్దండీ, అలాగే ఉండనివ్వండి. మళ్లీ మొదటి నుంచి పాడండి."

వాళ్లు ఎత్తుకున్నారు. సారవ్వ మూడు దెబ్బలు కొట్టింది. డ్రెస్సును రెండు చేతులా ఎత్తింది. మోచేతుల మీదుగా నల్లనీళ్లు కారుతున్నాయి. లోపల సంధ్యారాణి ఆ ఖాళీలోకి రాగం తీసింది, ఎంత బాగా తీసిందో! తన గొంతుకు అంత పైకి పోవడం రాదని సారవ్వకు తెలుసు. ఆ కుళ్లు అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. దాన్ని అలాగే ఉండనిచ్చి, డ్రెస్సును తిప్పకుండానే బండ మీద వదిలేసింది. తర్వాతి దెబ్బ పడలేదు. లోపల రాగం కాసేపు దారి వెతుక్కుని ఆగిపోయింది.

కొంగుతో చేతులు తుడుచుకుంటూ సారవ్వ ముందు గదిలోకి వచ్చింది. వేళ్ల సందుల్లో ఇంకా నలుపు ఉంది.

"ఏందే, ఏమైంది?" అన్నాడు రాయమల్లు.

ఆమె అతని వైపు చూడలేదు. "సంధ్యా, ఆ ఆగుడుల నువ్వు రాగం తీస్తవు. మంచిగనే ఉంటది. కని ఆడ బట్ట తిప్పాలె పిల్లా. ఖాళీ గాదు అది."

సంధ్యారాణి సారవ్వ చేతుల వైపు చూసింది, పెరటి తలుపు వైపు చూసింది. ముందు పాలిపోయింది, తర్వాత మెల్లగా లేచింది. "నాకు తెల్వది వదినా. అన్న చెప్పలే," అంటూ కుర్చీ వదిలింది.

"గామెకేం తెలుసమ్మా, పాట ప్రజలది..." అని రాయమల్లు అందుకున్నాడు.

"ప్రజలల్ల నేను గూడ ఒకదాన్నే గద," అని సారవ్వ కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.

సుప్రజ మైకు ఆమె వైపు తిప్పింది. ముందుకు వంగి చెంపకు చెయ్యి ఆనించుకుంది. "అమ్మా, ఈ పాటకు ఎన్ని చరణాలు?"

"మూడు," అన్నాడు రాయమల్లు.

"ఐదు," అంది సారవ్వ. "రెండు ఎవ్వలు ఎత్తుకపోకుండ దాసుకున్న. గవి గూడ పాడ్త."

రాయమల్లు వంటింటి మీదుగా పెరట్లోకి తొంగి చూశాడు. బండ మీద ముద్దగా పడి ఉన్న డ్రెస్సు కనిపించింది. అతని గొంతులో మొదటిసారి భయం లాంటిది వినపడింది.

"మరి రేపు నా మొదటి షిఫ్టు?"

"బండ మీదున్నది," అంది సారవ్వ, మైకును ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటూ. "మూడు దెబ్బలు నేను కొట్టిన. ఇగ పోయి నువ్వు తిప్పుకో."