తరుగు సున్నా

సస్కాచెవాన్ గోధుమ పొలాల మధ్య ఉన్న విల్లో బెండ్ ఊరి లైబ్రరీలో ఏ నవల తీసినా వెనక అట్ట లోపల ఒక చిన్న చీటీ దొరుకుతుంది. దాని మీద పెన్సిల్‌తో, వంకర లేని అక్షరాలతో మూడు సంగతులు రాసి ఉంటాయి: రకం, తేమ, తరుగు. కింద రెండు మూడు వాక్యాలు. సంతకం ఉండదు, అక్కర్లేదు కూడా. రైలుకట్ట పక్కనున్న ధాన్యం గోదాముకి ముప్పై నాలుగేళ్ళు ఏజెంటుగా చేసిన కోర్నీ వీబ్ చేతిరాత తెలియని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. ఒకప్పుడు వాళ్ళందరి గోధుమనీ చూసి, ఎంత మేలైనదో రకం కట్టింది ఆ చెయ్యే.

గోదాము కూలగొట్టి ఇరవై ఏళ్ళు దాటింది. కోర్నీకి డెబ్బై ఆరు వచ్చాయి. భార్య హిల్డా పోయి ఐదేళ్ళు. గోధుమ లేకపోతే ఏం, నవలలున్నాయి కదా అని వాటికి రకాలు కట్టడం మొదలుపెట్టాడు. మొదటి రకం, రెండో రకం, మూడో రకం, ఆ కిందది దాణా. తేమ అంటే నవలలో ఏడుపు ఎంతుందన్నది. ఎక్కువైతే బూజు పడుతుంది, తక్కువైతే గింజ పగులుతుంది. తరుగు అంటే తాలూ మట్టీ తీసేయగా పోయేది, అంటే చదవకుండా దాటేసినా ఏ నష్టమూ లేని పేజీలు, నూటికి ఇన్ని అని.

ఆ చలికాలంలో అతను పూర్తి చేసినవి పద్నాలుగు. ఒక అపరాధ పరిశోధన నవలకి ఇలా రాశాడు: "దాణా. హంతకుడు వంటవాడని నాకు నలభయ్యో పేజీలో తెలిసింది. డిటెక్టివ్‌కి మూడువందల పదో పేజీలో తెలిసింది. అతనికి జీతం ఎవరిస్తున్నారో పాపం." ఇటుకంత లావున్న కుటుంబగాథకి: "రెండో రకం. తరుగు పద్దెనిమిది. ఐదు తరాలు, నలుగురు పీటర్లు. మూడో పీటర్ పోయాడని బాధపడ్డాను. తీరా చూస్తే పోయింది రెండోవాడు." పెద్ద బహుమతి వచ్చిన ఒక నవలకి: "మూడో రకం. ఎవరు మాట్లాడుతున్నారో తెలియనివ్వకపోవడమే ఇందులో గొప్పదనమని అట్ట మీద వేశారు. మా ఆవిడ ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్కగదిలోంచి నేనూ అలాగే వినేవాణ్ణి. నాకెవరూ బహుమతివ్వలేదు." లైట్‌హౌస్‌లో జరిగే ఒక ప్రేమకథకి మాత్రం: "మొదటి రకం. తేమ హద్దు మీద ఉంది. తరుగు రెండు. ఇలాంటివి నేను చదవను. ఇది చదివాను."

టౌన్ ఆఫీసులో సగం గదిలో ఉంటుంది లైబ్రరీ. మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం జోసెలిన్ వచ్చి తెరుస్తుంది. వచ్చినవాళ్ళు ముందు అట్ట చూడరు, చీటీ చూస్తారు. పొద్దున్న పదింటికి హోటల్లో కాఫీలు తాగే ముసలాళ్ళు చదవకుండానే ఆ చీటీలు పట్టుకుని వాదించుకుంటారు. ఇన్నేళ్ళలో కోర్నీ ఎన్నడూ చేయని పని ఒక్కటే ఉంది. తరుగు సున్నా అని వేయలేదు. గోధుమకీ వేయలేదు, నవలకీ వేయలేదు. "స్వర్గంలో పండించి దేవదూతలు తూర్పారబట్టి తెచ్చినా కోర్నీ అరశాతం కోస్తాడు," అని ఊళ్ళో సామెతలా అనుకుంటారు.

మార్చి మొదటి గురువారం డోరిస్ మెల్నిచుక్ పేకముక్కలు పంచడం ఆపి, సంచీలోంచి ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. అట్ట మీద ఆమె పేరే ఉంది.

డోరిస్ ఆ ఊరి బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పింది. హిల్డా కన్నా ముందే ఆమె భర్త పోయాడు. హిల్డాని సాగనంపిన వారం ఊరంతా గిన్నెల్లో కూరలు తెచ్చి, భుజం తట్టి, మంచి మాటలు చెప్పి వెళ్ళారు. డోరిస్ గురువారం రెండింటికి గసగసాల రొట్టె, పేకముక్కలు పట్టుకొచ్చి, "పంచు," అంది. అంతే. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. ఆనాటి నుంచి మంచు తుఫాను వస్తే తప్ప ఒక్క గురువారం కూడా తప్పలేదు. కోర్నీకి వారం అంటే గురువారమే. మిగతా ఆరు రోజులూ దానికి పహరా కాస్తాయి.

"ఇదెప్పుడు రాశావ్?" అన్నాడు కోర్నీ నోరు తెరిచి.

"తొమ్మిదేళ్ళు పట్టింది. నలభై కాపీలు వేయించాను. వచ్చే వారం శనివారం లైబ్రరీలో చదివి వినిపించాలట, జోసెలిన్ పట్టుబట్టింది. నువ్వు శుక్రవారానికల్లా చీటీ పెట్టాలి."

"నేనా?"

"కాదు, మీ పిల్లి! గోధుమని చూసినట్టు చూడు. మొహమాటపడ్డావో, ఊరుకోను."

కోర్నీ ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. మొదటి అధ్యాయంలో ఒక ముసలమ్మ ఓడెక్కింది. రెండో అధ్యాయంలో ఇంకా ఓడలోనే ఉంది. మూడులో గాలి, నాలుగులో నేల, ఐదులో మళ్ళీ గాలి. డోరిస్ చెప్పిన మాటే మూడుసార్లు చెప్పింది, క్లాసులో వెనక బల్లవాళ్ళకి కూడా వినపడాలన్నట్టు. కోర్నీ రెండుసార్లు కునికాడు. నూట ముప్పయ్యో పేజీలో గోధుమ జూన్‌లో కోశారు. సస్కాచెవాన్‌లో జూన్‌కి గోధుమ మోకాలెత్తు కూడా రాదు! ఒక రైతు కూతురు రాయాల్సిన మాటేనా? కోర్నీ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. జూనే.

ఆరో అధ్యాయం మొదలయ్యాక మాత్రం అతను కునకలేదు. మొగుణ్ణి పాతిపెట్టి వచ్చిన రోజు ఒకావిడ చర్చి కింది వంటగదిలో అడుగంటిన గిన్నె తోముతూ ఉంటుంది. పైన ఆడవాళ్ళు కాఫీ కాచే పెద్ద డ్రమ్ము ఎవరి ఇంటిదని పోట్లాడుకుంటారు. ఆవిడ తోముతూనే ఉంటుంది. గిన్నె ఎప్పుడో తెల్లబడింది, అయినా ఆపదు, ఆపితే పైకి వెళ్ళాలి. కోర్నీ మొదట పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత అక్షరాలు కనపడలేదు. హిల్డా పోయిన రోజు తను వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ, శుభ్రంగా ఉన్న చోటే మళ్ళీ ఎందుకు ఎత్తిపోశాడో అతనికి ఇప్పుడు తెలిసింది. ఆ అధ్యాయం మూడుసార్లు చదివాడు.

బుధవారం చీటీ రాశాడు, ఉన్నది ఉన్నట్టు. రాసి, ఎదురుగా పెట్టుకుని చూశాడు. 'రెండో రకం' అన్న మాట కనిపించింది. ఆ పక్కన తరుగు అంకె కనిపించింది. వాటి వెనక ఖాళీ గురువారం కనిపించింది: రెండు గంటలకి ఎవరూ తలుపు కొట్టరు, తను బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని ఉంటాడు. తొమ్మిదేళ్ళు కష్టపడి రాసిన మనిషికి ఈ చీటీ ఇచ్చి, ఆ మనిషి చేతి రొట్టె తినగలనా అనుకున్నాడు.

గోదాములో పనిచేసేటప్పుడు ప్రతి బండిలోంచి ఒక దోసెడు గింజలు నమూనాగా తీసి, రైతు పేరు రాసి దాచేవాడు. రకం దగ్గర పేచీ వస్తే ఆ నమూనాని పై అధికారులకి పంపేవాళ్ళు, వాళ్ళు చెప్పింది ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే. పేచీ తీరే దాకా నమూనా పారేయకూడదు. ఆ అలవాటు కొద్దీ కోర్నీ మొదటి చీటీని చింపలేదు. కాఫీ డబ్బాలో దాచాడు. ఇంకో చీటీ తీసుకుని "మొదటి రకం. తేమ సరిగ్గా ఉంది. తరుగు సున్నా. చాలా బాగుంది," అని రాశాడు. ఆ గురువారం పడిశం పట్టిందని ఫోన్ చేసి పేకాట మానేశాడు. అది రెండో అబద్ధం. శుక్రవారం లైబ్రరీ తెరవగానే వెళ్ళి, జోసెలిన్ మొహం చూడకుండా పుస్తకం బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

గంట తిరగకుండా తలుపు దబదబా మోగింది. డోరిస్. బూట్లకి మంచు, చేతిలో చీటీ.

"ఏమిటయ్యా ఇది?"

"చీటీ."

"ఆ ముక్క నాకూ తెలుసు. పైకి చదువు. తప్పు రాసినవాళ్ళ చేత పైకే చదివించేదాన్ని."

"మొదటి రకం. తేమ సరిగ్గా ఉంది. తరుగు..."

"ఊఁ?"

"సున్నా."

"ఆ జోసెలిన్ 'టీచర్, సున్నా వేశారు, సున్నా!' అని గంతులేస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న జల్లించి, చెరిగి, ఏరి తెచ్చిన గోధుమకి ఒక్కనాడన్నా సున్నా వేశావా?"

"లేదు."

"మరి నాకెందుకేశావ్? జాలా?"

కోర్నీ చీటీని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"అవతలి గోదాము వాడు అడిగినవాళ్ళందరికీ మొదటి రకం రాసేవాడు," అంది డోరిస్. "మా నాన్న నిన్ను దారి పొడుగునా తిట్టుకుంటూ నీ దగ్గరికే తోలేవాడు. ఎందుకో తెలుసా? 'కోర్నీ రెండంటే రెండే. అది తెలిస్తేనే కదా వచ్చే ఏడు ఏ చేలో ఏం చెయ్యాలో తెలిసేది,' అనేవాడు. రేపు ఊరంతా 'అద్భుతం టీచర్' అంటారు. వాళ్ళకి ఎక్కాలు నేర్పింది నేను, వాళ్ళకింకా నేనంటే భయం. నువ్వొక్కడివే భయపడవనుకున్నాను."

"భయపడ్డాను డోరిస్," అన్నాడు కోర్నీ. ఇంక దాచడం అతని వల్ల కాలేదు. "గురువారాలు పోతాయని భయపడ్డాను. రెండింటికి నువ్వు రాకపోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదు. రొట్టె కోసం కాదు. అంటే... రొట్టె కోసం కూడాననుకో."

డోరిస్ తల వంచి కిందికి చూసుకుంది. బూట్ల మీది మంచు కరిగి చాప తడుస్తోంది.

"నమూనా ఉందా?" అంది చివరికి.

కోర్నీ కాఫీ డబ్బా తెచ్చి ఇచ్చాడు. ఆమె మూత తీసి, చీటీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివింది.

"రెండో రకం. తేమ సరిగ్గా ఉంది. తరుగు ఇరవై ఆరు: మొదటి ఐదు అధ్యాయాలు. ముసలమ్మని ఓడ దించడానికి అంతసేపు పట్టదు. మన దగ్గర జూన్‌లో గోధుమ కోయరు. ఆరో అధ్యాయం మొదటి రకం. అందులో తరుగు కోసం మూడుసార్లు వెతికాను. అరశాతం దొరికింది, ఒక కామా. గిన్నె తోమడం గురించి నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు."

"జూన్‌లో కోశానా?" అంది డోరిస్, మొహం ఎర్రబడి.

"నూట ముప్పయ్యో పేజీ."

"అయ్యో నా తెలివి తెల్లారినట్టే ఉంది! నాన్న వింటే సమాధిలోంచి లేచొస్తాడు." ఆమె కళ్ళు తుడుచుకుంది. నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో కోర్నీకి అంతు పట్టలేదు. "ఐదు అధ్యాయాలంటే నాకు నాలుగేళ్ళయ్యా."

"తెలుసు."

"తెలిసీ రాశావ్."

"తెలిసే రాశాను. ఆ తర్వాతే బుద్ధి గడ్డి తింది."

ఆమె రెండు చీటీలూ కోటు జేబులో వేసుకుని వెళ్ళిపోయింది. గురువారం మాట ఎత్తలేదు. కోర్నీ తడిసిన చాప ఆరేశాడు, కానీ ఆ పూట ఏమీ చదవలేకపోయాడు.

శనివారం లైబ్రరీలో కుర్చీలు చాలక కొందరు టౌన్ ఆఫీసు బల్లల మీద ఎక్కి కూర్చున్నారు. కోర్నీ తలుపు పక్కన, పారిపోవడానికి వీలుగా నిలబడ్డాడు. జోసెలిన్ నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చుంది. డోరిస్ లేచి పుస్తకం తెరిచింది. చాలా పేజీలు తిప్పేసింది.

"ఆరో అధ్యాయం నుంచి చదువుతాను," అంది. "ముందు ఐదూ తాలు. నేనన్నది కాదు, మన ఏజెంటుగారు అన్నది." అని డబ్బాలోని చీటీ తీసి మొదటి నుంచి చివరి దాకా చదివింది, జూన్ గోధుమతో సహా. గది పగిలేలా నవ్వారు. "టీచరమ్మకే తరుగు కోశాడురా!" అని ఎవరో వెనక నుంచి అరిచారు. కోర్నీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె చదవడం మొదలుపెట్టింది. కాఫీ డ్రమ్ము పోట్లాట దగ్గర చర్చి ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. గిన్నె తెల్లబడిన చోటికి వచ్చేసరికి గదిలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా లేదు. ముందు వరసలో హోటల్ కాఫీ ముసలాడు ఒకడు టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. డోరిస్ తలెత్తి తలుపు వైపు చూసింది, మళ్ళీ చదివింది. కోర్నీకి పారిపోవాలన్న ఆలోచనే రాలేదు.

అయ్యాక అందరూ కేకులూ కాఫీ మీద పడ్డారు. డోరిస్ అతని కాపీ తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇంటికెళ్ళి చూసుకో," అని వెళ్ళిపోయింది.

కోర్నీకి అంత ఓపిక ఎక్కడిది? అక్కడే, తలుపు పక్కనే, వెనక అట్ట తెరిచాడు. ఎర్ర సిరాతో, బళ్ళో మార్కులు వేసే చేతిరాతతో ఒక చీటీ ఉంది.

"కోర్నీ వీబ్. మొదటి రకం. తేమ కొంచెం ఎక్కువ. తరుగు అరశాతం, అబద్ధం ఆడినందుకు. గురువారం రెండింటికి."

కోర్నీ రెండోసారి చదివాడు. అరశాతం దగ్గర వేలు పెట్టి ఆగాడు. సున్నా వేసి ఉంటే అతను ఒక్క ముక్క కూడా నమ్మేవాడు కాదు.