మార్తమ్మ రాయి

పేకాటంటే నాకు ఒళ్ళు మంట. ఆట రాక కాదు. తెనాలిలో మా మేనమామ పక్కన కూర్చుని ముక్కలు చూస్తూ పెరిగాను, ఆ ముక్కల్లోనే ఆయన మాగాణి కరిగిపోవడమూ చూశాను. అలాంటివాణ్ణి, కెనడాలో గ్వెల్ఫ్ అనే ఊళ్ళో స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాక, మధ్యాహ్నం పూట ఎలియాజరును కారెక్కించుకుని హైవే పక్కనున్న కాసినోలో దింపి, ఆట అయ్యేదాకా రెయిలింగు పట్టుకుని నిలబడే పనిలో పడ్డాను. నన్నెవరూ పొమ్మనలేదు. భార్య మార్తమ్మ పోయాక ఓసారి స్టీరింగు ముందు ఆయనకు కళ్ళు తిరిగాయి, డాక్టరు లైసెన్సు ఆపించేశాడు. నేను తీసుకెళ్ళకపోతే రెండు బస్సులు మారి వెళ్తానంటాడు. ఆ మంచులో ఆయన బస్టాపులో నిలబడి ఉంటే ఇంట్లో నాకు ముద్ద దిగదు.

ఎలియాజరు కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. మా వీధే. తెలుగు చర్చి సంఘంలో పెద్ద కూడా. మార్తమ్మ నర్సింగ్ హోమ్ వంటగదిలో చేసేది. వాళ్ళకు పిల్లల్లేరు. ఇంట్లో బేరమైనా బ్యాంకు పనైనా ఆవిడే చూసుకునేది. "మా ఆయన మొహం చూస్తే మా ఇంట్లో ఇవాళ కూరేంటో వీధిలోవాళ్ళు చెప్పేస్తారన్నయ్యగారూ" అని నాతో అని నవ్వేది. కారు కొనడానికి వెళ్ళినప్పుడు ఆయన్ని షోరూం బయట బెంచీ మీద కూర్చోబెట్టి తనొక్కతే లోపలికి వెళ్ళింది. కారు నచ్చినట్టు ఆయన మొహంలో కనబడిపోతే సేల్స్‌మన్ ధర తగ్గించడని ఆవిడ భయం. పాపం, ఆయన ఐస్‌క్రీం తింటూ బెంచీ మీద బుద్ధిగా కూర్చున్నాడు.

ఆవిడ పోయి ఏడాది దాటినా సమాధి మీద రాయి పడలేదు. శ్మశానంవాళ్ళు గుచ్చిన చిన్న రేకు ముక్క మాత్రం ఉండేది, చలికాలం మంచులో అదీ కనబడేది కాదు. సంఘంలో కుర్రాళ్ళు చందా వేసుకుని రాయి పెట్టిస్తామని ఇంటికి వచ్చారు. "నేను బతికుండగా నా పెళ్ళానికి చందాలేంట్రా?" అని వాళ్ళను గుమ్మంలోంచే పంపేశాడు.

ఆ కుర్రాళ్ళ గురించి చెప్పాలి. ఆ రెండు మూడేళ్ళూ చదువుకోడానికి వచ్చే మన పిల్లలు దిగని విమానం లేదు. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు, నేల మీద పరుపులు, టిమ్ హార్టన్స్ కాఫీ షాపులో ఉద్యోగానికి కూడా బయటిదాకా లైను. ఆదివారం ఆరాధన అయ్యాక మార్తమ్మ వాళ్ళందరినీ ఇంటికి తోలుకొచ్చి అన్నం పెట్టేది. పప్పుచారు, చేపల పులుసు, ఇంత గిన్నెడు పెరుగు. వెళ్ళేటప్పుడు డబ్బాలు కట్టి ఇచ్చేది. వాళ్ళు డబ్బులివ్వబోతే చెయ్యి మీద ఒకటేసేది. అందులో ఆరన్ అని బాపట్ల కుర్రాడు, సంఘంలో గిటారు వాయిస్తాడు. వచ్చిన మొదటి చలికాలం వాడికి జ్వరం తగిలితే ఆవిడ తన ఇంట్లోనే మంచమేసి, తగ్గేదాకా బయటికి పోనివ్వలేదు.

ఇక కాసినో సంగతి. పింఛను డబ్బుతో రాయి వేయించవచ్చు. నేనూ అదే చెప్పాను. ఎలియాజరు వినలేదు. "మార్త నన్ను జీవితాంతం బెంచీ మీద కూర్చోబెట్టింది అమరేశ్వరం. ఈ రాయి మాత్రం నా తెలివితో వేయిస్తా. నా మొహం కూడా దాచుకోగలనని దానికి తెలియాలి" అన్నాడు. చచ్చిపోయిన మనిషికి ఏం తెలుస్తుందని అడగబోయి ఆగాను. ఆయన కళ్ళు చూస్తే నాకు ధైర్యం చాలలేదు.

ఆట పేరు హోల్డెమ్. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. ఎవరైనా ఎప్పుడైనా తన ముందున్న చిప్స్, అంటే పందెం బిళ్ళలు, అన్నీ మధ్యలోకి తోసెయ్యొచ్చు. ఎదుటివాడు అంతకంతా పెట్టి చూడాలి, దాన్నే కాల్ అంటారు, లేదా ముక్కలు పారెయ్యాలి. పారేస్తే మన చేతిలో చెత్త ఉన్నా మనమే గెలిచినట్టు. ఆ బెదిరింపునే బ్లఫ్ అంటారు. మొదటి రోజుల్లో ఎలియాజరు ప్రతి ముక్కకీ దిగి చిత్తుగా ఓడేవాడు. తర్వాత పట్టుదలగా వీడియోలు చూశాడు, అద్దం ముందు కూర్చుని మొహం బిగబట్టడం కూడా నేర్చుకున్నాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేవి నాకు అది చూస్తే.

ఒకరోజు ఆయన ఆడే బల్ల దగ్గరికే ఆరన్ వచ్చి కూర్చున్నాడు. పార్ట్ టైం పని దొరక్క, ఫీజు కోసం ఈ ఆటలో దిగాడట. ఎదురుగా సంఘ పెద్ద కనబడేసరికి కంగారులో "ప్రైజ్ ద లార్డ్ అంకుల్" అనేశాడు. బల్ల చుట్టూ ఉన్న తెల్లవాళ్ళంతా తలలెత్తారు. ఎలియాజరు కూడా అలవాటుగా "ప్రైజ్ ద లార్డ్ బాబూ" అన్నాడు. పాస్టరుగారికి ఒకరి సంగతి ఒకరు చెప్పకూడదని బయట ఒప్పందం చేసుకున్నారు. బల్ల దగ్గర ఆట నడుస్తుండగా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని అక్కడ రూలు. కాబట్టి ఆ తర్వాత ఇద్దరూ బల్ల దగ్గర పెద్దగా మాట్లాడుకున్నది లేదు.

అప్పట్నుంచి ఎలియాజరు గెలవడం మొదలైంది. కారులో నాకు పాఠాలు చెప్పేవాడు.

"పదింట్లో ఎనిమిదిసార్లు ముక్కలు పారెయ్యాలయ్యా. అందరికన్నా చివర మాట్లాడే సీటులో ఉంటేనే దిగాలి. అన్నిటికన్నా ముఖ్యం, భయపడి పారేసేవాడెవడో కనిపెట్టాలి. పారెయ్యనివాడి మీద బ్లఫ్ చేస్తే మన డబ్బు కాలవలో వేసినట్టే."

"దొరికాడా భయపడేవాడు?"

"మన ఆరనే," అన్నాడు గొంతు తగ్గించి. "మిగతావాళ్ళ దగ్గర పులిలా ఆడతాడు. నేను పందెం పెంచి రెయిజ్ చేస్తే చాలు, పారేస్తాడు. నా మొహంలో వాడికేమీ అందట్లేదు."

సెప్టెంబరులో ఆరన్ ఫీజు కట్టలేక ఒక సెమిస్టర్ ఆపేశాడు. ఆ వారం ఎలియాజరు వాణ్ణి మా కారు దగ్గర నిలబెట్టి బుద్ధులు చెప్పాడు. "నువ్వు పిరికివాడివి బాబూ. ఎదుటివాడు గట్టిగా పెడితే చాలు పారేస్తావు. ఈ ఆట నీకు పనికిరాదు, మానేసి చదువుకో." వాడు తల వంచుకుని "సరే అంకుల్" అన్నాడు. నాకు వాడి మీదే చిరాకేసింది. చేవ లేని కుర్రాడనుకున్నాను.

జనవరికల్లా ఎలియాజరు రాయికి అడ్వాన్సు కట్టేశాడు. ఆ షాపువాడికి తెలుగు అక్షరాలు రావు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నాతో కాగితం మీద రాయించాడు. మార్త, ప్రియమైన భార్య. కింద, వేయించినవాడు భర్త ఎలియాజరు. "'వేయించినవాడు' అనేది కాస్త పెద్దగా రాయవయ్యా" అన్నాడు. ఆ రోజు ఆయన మొహంలో సంతోషం వీధి చివరికి కూడా కనబడేట్టుంది. మిగతా డబ్బు కడితే రాయి చెక్కడం మొదలుపెడతారు.

ఆ మిగతా డబ్బు కోసమే ఫిబ్రవరిలో వెళ్ళాం. బయట మంచు కురుస్తోంది. బల్ల మీద రెండు రాజులు, ఒక తొమ్మిది, రెండు చిన్న ముక్కలు పడ్డాయి. అందరూ తప్పుకుని ఎలియాజరు, ఆరన్ మిగిలారు. ఆరన్ కొంచెం పెట్టాడు. ఎలియాజరు గడ్డం ఎత్తి, ఒక క్షణం ఆగి, తన ముందున్న చిప్స్ అన్నీ రెండు చేతులతో మధ్యలోకి తోశాడు. ఆరన్ తన ముక్కలు చూసుకోలేదు కూడా. డీలరు వైపు విసిరాడు. ఆ విసురు చిప్స్ దొంతరకు తగిలి రెండు ముక్కలూ వెల్లకిలా పడ్డాయి.

ఇస్పేటు రాజు. కళావరు తొమ్మిది.

అంటే మూడు రాజులు, రెండు తొమ్మిదులు. ఆ బల్ల మీద దాన్ని కొట్టగల చెయ్యి దాదాపు లేదు. ఆట రానివాడు కూడా అది పారెయ్యడు.

బల్ల చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. టోపీ పెట్టుకున్న ఒకతను లేచి నిలబడ్డాడు. వీళ్ళిద్దరూ కలిసి ఆడుతున్నారు, ప్రతివారం ఇదే తంతు, ముసలాయన పెడితే ఈ కుర్రాడు పారేస్తాడు, నేను చూస్తూనే ఉన్నాను అని అరిచాడు. సూపర్‌వైజరు వచ్చాడు. ఎందుకు పారేశావని అడిగితే ఆరన్ ముక్కలు సరిగా చూసుకోలేదన్నాడు. సూపర్‌వైజరు నమ్మలేదు. ఇద్దరూ ఇక ఇక్కడ ఆడొద్దని మర్యాదగానే చెప్పి పంపేశాడు. ఎలియాజరు ఆ మాటలేవీ విన్నట్టు లేడు. ఆ రెండు ముక్కల వంకే చూస్తున్నాడు.

బయట కాఫీ కౌంటరు దగ్గర ముగ్గురం కూర్చున్నాం. కాఫీ ఎవరూ ముట్టుకోలేదు.

"ఎందుకు పారేశావు బాబూ?"

"చూసుకోలేదంకుల్."

"లోపల వాళ్ళకి చెప్పిన అబద్ధం నాకెందుకు చెప్తావు? నా దగ్గర ఏమీ లేదు. ఉత్త చెత్త. నీకు తెలుసా?"

ఆరన్ మెల్లగా అన్నాడు. "తెలుసంకుల్. బ్లఫ్ చేసే ముందు మీరు పైకి చూస్తారు. చర్చిలో ఆంటీ ప్రేయర్ చేస్తుంటే కళ్ళు మూసుకోకుండా పైకి చూసేవారు కదా, అలాగే. బల్ల మీద అందరికీ తెలుసు."

"అందరికీనా?"

"మిగతావాళ్ళు కాల్ చేసేస్తారు కదంకుల్. అందుకే మీరు వాళ్ళ మీద బ్లఫ్ చెయ్యడం మానేశారు."

ఎలియాజరు బల్ల అంచు పట్టుకున్నాడు.

"మరి నువ్వెందుకు పారేశావురా? నీ ఫీజు ఆగిపోయింది. నేను నిన్ను పిరికివాడన్నాను."

"ఆంటీ స్టోన్ కోసం ఆడుతున్నానని మీరే చెప్పారు కదంకుల్. చందా ఇద్దామని వస్తే మీరు తీసుకోలేదు. ఆంటీకి ఒక్క రూపాయి ఇవ్వనివ్వలేదు మమ్మల్ని. ఇంకెలా ఇవ్వాలి?" వాడు కాఫీ కప్పు పక్కకు జరిపాడు. "మీరు రెయిజ్ చేస్తే కాల్ చెయ్యకూడదని ఫిక్స్ అయ్యాను. అంతే."

ఎలియాజరు పర్సు తీశాడు. ఉన్నదంతా బల్ల మీద పెట్టాడు. "రేపే ఆ అడ్వాన్సు కూడా వెనక్కి తెస్తాను. తీసుకెళ్ళి ఫీజు కట్టు బాబూ. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆరన్ ఆ డబ్బును మళ్ళీ ఆయన పర్సులోనే పెట్టి, పర్సు ఆయన చేతిలో పెట్టాడు. "అది ఆంటీకి నేనేసిన చందా అంకుల్. మీరు వెనక్కి ఇవ్వకూడదు."

తిరుగుదారిలో నేను రోడ్డు మీదే కళ్ళు పెట్టుకుని నడిపాను. ఇల్లు దగ్గరపడ్డాక పక్కన ఎలియాజరు, "మార్త నన్ను బెంచీ మీద కూర్చోబెట్టడమే మంచిదయింది అమరేశ్వరం" అన్నాడు. నేను కారు ఆపి ఏడ్చాను. నాకు సిగ్గేమీ లేదు ఆ మాట చెప్పడానికి.

సెమిస్టర్ ఆగినందుకు ఆరన్‌కు స్టడీ పర్మిట్, అదే ఇక్కడ ఉండి చదువుకునే అనుమతి, పొడిగించలేదు. ఏప్రిల్‌లో బాపట్ల వెళ్ళిపోయాడు. పియర్సన్ ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. గిటారు చేతిలో పట్టుకుని లోపలికి వెళ్తూ, "అంకుల్‌ని చూసుకోండి" అన్నాడు. ఎలియాజరు కారు దిగలేదు. దిగితే తట్టుకోలేనన్నాడు.

ఆ తర్వాత వారమే ఆయన మా ఇంటికి వచ్చాడు. ఆ పర్సులో డబ్బుకు కాస్త పింఛను కలిపి మిగతాది కట్టేశాడట. రాతలో ఒక్క మార్పు చెయ్యాలన్నాడు. కాగితం నా ముందు పెట్టి కింది వరుస కొట్టేశాడు.

"నీ పేరు లేకుండా ఎలాగయ్యా?" అని నేను కోప్పడ్డాను.

"నేనేం వేయించాను? ఉన్నది ఉన్నట్టు రాయవయ్యా," అన్నాడు.

మే నెలలో నేల మెత్తబడ్డాక రాయి నిలబెట్టారు. నల్లటి రాయి. నా చేతిరాతే, కాస్త వంకరపోయింది. మార్త. ప్రియమైన భార్య. కింద, వేయించినవారు పిల్లలు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో కొత్తగా చేరిన ఏనీ అనే స్టూడెంటు పిల్ల మాతోపాటు పూలు పట్టుకుని వచ్చింది. మార్తమ్మను ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. వంగి అక్షరాలు కూడబలుక్కుని చదివి, ఎలియాజరు వైపు తిరిగింది.

"ఆంటీకి పిల్లలున్నారా అంకుల్? ఎక్కడుంటారు?"

నేను ఆ పిల్లను వారించబోయాను. అప్పటికే ఆయన సమాధానం చెప్పేశాడు.

"ఉన్నాడమ్మా. బాపట్లలో ఉంటాడు. గిటారు వాయిస్తాడు."

నేను ఆయన మొహం వంక చూశాను. ఆయన ఆ రాయి వంకే చూస్తున్నాడు. పైకి చూడలేదు.