లోపలికి కుంగిన మేడ

పై ఆఫీసు నుంచి వచ్చిన నోటీసులో ‘నియంత్రిత అంతర్విస్ఫోటనం’ అని ఉంది. ఆ ముక్క రాసిన మహానుభావుడెవరో గానీ, ఆయన ఇంటి పక్కన ఏ మేడా ఎప్పుడూ కూలి ఉండదు. వీధిలో ఎవరికీ ‘నియంత్రిత’ కనబడలేదు, ‘అంతర్’ వినబడలేదు. ‘విస్ఫోటనం’ దగ్గర మాత్రం అందరి గుండెల్లో రాయి పడింది.

పాడుబడ్డ తొమ్మిదంతస్తుల మేడను ఆదివారం పొద్దున నేలమట్టం చేయించాల్సింది ఇంజనీరమ్మ. సొంతంగా ఆమె చేతికి వచ్చిన మొదటి పని అది. శుక్రవారం సాయంత్రానికి చుట్టుపక్కల వాళ్లందరూ సంతకాలు పెట్టాలి. ఒక్కటి తగ్గినా పని ఇంకొకరి చేతికి పోతుంది. బుధవారం దాకా ఒక్కరూ కలం ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఆమె వంటింట్లో తల పట్టుకుని కూర్చుంది. అత్తగారు ఓవెన్ ముందు నిలబడి నిప్పులు చెరుగుతోంది.

“అది పేలడం కాదత్తయ్యా. లోపలి స్తంభాలు ముందు పడగొడతాం. మేడ తన మీద తానే కూలబడుతుంది. ఆ మాట జనానికి ఎలా చెప్పను?”

“ఇందాక కేకు ఉడక్కముందే ఓవెన్ తలుపు తీసి చూశావు కదా, ఏమైంది? పేలి గోడకి అంటుకుందా?”

“లేదు. నడుమ కుంగింది.”

“మరి అదే రాయి! పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతుకుతావేంటి?”

మర్నాడు కొత్త నోటీసు పడింది. ‘మేడ పేలదు. తొందరపడి ఓవెన్ తెరిస్తే కేకు కుంగినట్టు, లోపలికి కుంగుతుంది.’ జనం చదివి నవ్వారు. నవ్వుతూనే సంతకాలు పెట్టారు. మిగిలింది అద్దాల తాత ఒక్కడే.

మేడకు ఎదురుగానే ఆయన దుకాణం. నేల నుంచి కప్పు దాకా గోడలకు బిగించిన అద్దాలు, నలభై ఏళ్ల కష్టం.

“మాట బాగానే ఉందమ్మా. నేల కుంగితే చూశాను, మంచం కుంగితే చూశాను. మేడ కుంగితే చూళ్లేదు. నీకంత నమ్మకముంటే, పగిలితే నీ ప్రాణం పోయేంత వస్తువొకటి తెచ్చి నా అద్దాల మధ్య పెట్టు. అప్పుడు పెడతా సంతకం.”

అలాంటి వస్తువు ఆమెకు లేదు. ఇంట్లో మాత్రం ఒకటుంది, అత్తగారి టీ సెట్టు. ఆరు కప్పులూ ఒక కెటిలూ, వెలుతురుకు పెడితే అవతలి వేళ్లు కనబడేంత పల్చటి పింగాణీ. కన్నకొడుక్కి కూడా ఆ కప్పులో టీ పోసిన పాపాన పోలేదు ఆవిడ. శుక్రవారం మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా కోడలు కప్పులు తువ్వాళ్లలో చుట్టి పట్టుకుపోయింది. కెటిల్ పై అరలో ఉంది, చెయ్యి అందలేదు. తాత సంతకం పెట్టాడు.

ఆదివారం వీధంతా ఖాళీ చేయించి మీట నొక్కింది. లోపల ఎక్కడో దబదబా చప్పుళ్లు. మేడ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నడుమ వంచి, నిలబడ్డ చోటే కూర్చుండిపోయింది. దుమ్ము లేచింది.

దుమ్ము అణిగాక పై అధికారులు అభినందించడానికి చెయ్యి చాచారు. ఆమె ఆ చేతుల్ని దాటుకుని తాతతో పాటు దుకాణంలోకి పరిగెత్తింది. ఒక్క అద్దమూ బీటలు వారలేదు. కప్పులు ఆరూ ఉన్నాయి. వాటి పక్కన కెటిల్ కూడా ఉంది.

“తాతా, ఇది నేను తేలేదే!”

“మన పందెం సంగతి వీధిలో ఎవరో చెబితే, నిన్న మీ అత్తగారొచ్చారు. కప్పులు పట్టుకుపోతే నా సంతకం చెల్లదని చెప్పేద్దామనుకున్నా. ఆవిడ సంచీలోంచి ఇది తీసి కప్పుల పక్కన పెట్టారు. ‘మేడ కుంగుతుందని మా కోడలంది, కుంగుతుంది. సెట్టు విడదీయకూడదు’ అని వెళ్లిపోయారు.”

ఇంజనీరమ్మకు ఏడుపొచ్చింది. అత్తగారిని ఇన్నాళ్లూ సరిగా చూడనే లేదని సిగ్గు కూడా వేసింది.

ఇంటికి తెచ్చాక అత్తగారు ఒక్కొక్క కప్పూ కడిగి, వెలుతురుకు పెట్టి చూసింది.

“దొంగతనం కూడా సరిగా చేతకాదు నీకు. కూర్చో,” అంది.

ఒక కప్పు తుడిచి, దాని నిండా టీ పోసి, కోడలి ముందు పెట్టింది.