గురువారం మినహా

ఆ కేంద్రం బయట బోర్డు మీద 'కుట్టు శిక్షణ' అని ఉంటుంది. లోపల జరిగేది వేరు. మనసు బాగాలేనివాళ్లకు మందులిస్తారు. తాగుడు మానాలనుకునేవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. చుట్టుపక్కల నలభై పల్లెలకు అదే దిక్కు. మొదట్లో అసలు పేరే రాయించారు. మూడు నెలలు ఈగ కూడా వాలలేదు. ఆ గుమ్మం ఎక్కితే నలుగురూ ఏమనుకుంటారోనని జనానికి భయం. అప్పుడు కేంద్రం నడిపే ఆవిడ రెండు కుట్టు మిషన్లు తెప్పించి ముందు గదిలో పెట్టించింది. బోర్డు మార్పించింది. ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. నిజంగానే కుట్టు నేర్చుకుందామని వచ్చిన ఒకావిడ, చొక్కాకి కాజాలు కుడుతూ కుడుతూ, ఏడాదిగా కంటి మీద కునుకు లేదని ఒకరోజు బావురుమంది. ఇప్పుడు ఆవిడే అక్కడ సగం పనులు చూస్తుంది. ఆమెని అందరూ కాజాల పిన్ని అంటారు.

కేంద్రం నడిపే ఆవిడను మాత్రం చిన్నా పెద్దా అందరూ 'అక్కా' అనే పిలుస్తారు. అలా పిలవాల్సిన ఒక్కడు ఆరేళ్లుగా పిలవలేదు.

అమ్మ పోయేనాటికి తమ్ముడికి ఏడేళ్లు, ఆమెకు పంతొమ్మిది. తల దువ్వి, లెక్కలు చెప్పి, జ్వరం వస్తే ఒళ్లో పడుకోబెట్టుకుని పెంచింది. పాతికేళ్లు దాటాక వాడికి తాగుడు పట్టుకుంది. బతిమాలింది, తిట్టింది, మాట్లాడ్డం మానేసి చూసింది. చివరికి ఒకరోజు కేంద్రం బండి ఇంటి ముందుకు తెప్పించి, ఇద్దరు మనుషుల చేత వాణ్ణి ఎక్కించి, ఆస్పత్రి కాగితాల మీద తనే సంతకం పెట్టింది.

"నువ్వు నాకు అక్కవా, ఆఫీసరువా?" అన్నాడు వాడు, తలుపు మూసేముందు.

నలభై రోజులకు ఆస్పత్రి నుంచి వదిలారు. ఇంటికి రాలేదు.

రెండేళ్ల క్రితం ఎవరో మాటల్లో అన్నారు, కొండ దిగువన ఉన్న ఉత్తరం కేంద్రంలో తాగుడు మానేవాళ్ల గురువారం గుంపుకి వాడు వెళ్తున్నాడని. ఆ కేంద్రం కూడా ఆమె కిందిదే, అరవై కిలోమీటర్ల దూరం. దాన్ని చూసుకునే ఆయనకి లెక్చరర్ అని పేరు పడింది, చిన్న ప్రశ్న అడిగితే గంటసేపు వివరిస్తాడు కాబట్టి. నెలకోసారి మీటింగులో ఆయన్ని కలుస్తుంది. ఒక్కసారి కూడా అడగలేదు. గుంపులో ఎవరు కూర్చుంటారో బయట చెప్పకూడదు. ఆ నియమం రాసిందే ఆమె.

ఆయన నివేదికలో మనుషుల సంఖ్య మాత్రం ఉంటుంది. 'గురువారం గుంపు: పదకొండు మంది.' ఆ పదకొండు కోసం ఆమె నెలంతా కాచుకునేది. ఒకసారి పది అని వచ్చింది. ఆ నెలంతా ఆమెకు ముద్ద దిగలేదు.

వానల ముందు లెక్చరర్ పైకప్పు మీద ఆకులు తీయబోయి నిచ్చెన మీంచి పడ్డాడు. కాలు విరిగింది. ఆరు వారాలు కదలకూడదన్నారు. మంచం మీంచే ఫోన్ చేశాడు.

"సోమవారం ఇంజెక్షన్లు. మంగళ, బుధ ఇళ్లకు వెళ్లి చూసి రావాలి. గురువారం గుంపు." అంతటితో ఆగిపోయాడు. అంత తక్కువ మాట్లాడ్డం ఆయనకి అలవాటు లేదు. "గురువారం సంగతి మీకు తెలుసనుకుంటాను."

"తెలుసు. ఒక్క మాట అడుగుతారా ఆయన్ని? నేను రావచ్చో, వద్దో."

తమ్ముణ్ణి 'ఆయన' అనడం అదే మొదలు. నోటికి కొత్తగా తగిలింది.

మర్నాడు జవాబు వచ్చింది. "మిగతా రోజులు రావచ్చన్నారు. గురువారం మినహా."

డ్రైవరుకి ఈ మాట తెలిసి మండిపడ్డాడు. ఏళ్లుగా కేంద్రం బండి నడుపుతున్న పెద్దాయన; ఆ రోజు తమ్ముణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లింది కూడా ఆయనే. "ఎత్తుకుని పెంచారు మేడం! గుమ్మం దగ్గర నిలబడి ఒక్కసారి చూసొస్తే ఏం పోతుంది?"

"చూడ్డం నా కోసమేగా. వాడికేం ఒరుగుతుంది?" అంది ఆమె.

సోమవారం ఉత్తరం కేంద్రానికి వెళ్లింది. ఒకప్పుడు విత్తనాలు నిల్వ చేసిన గది. పొడి వాసన ఇంకా పోలేదు. కిటికీ పక్కన టీ కెటిల్, బోర్లించిన గ్లాసులు. గోడ మీద ఒక కాగితం: గ్లాసులు కడిగే వంతులు. ఆ రాత చూడగానే దగ్గరికి జరిగింది. ఎడమవైపుకి ఒరిగిన అక్షరాలు. ఎన్నిసార్లు చెవి మెలేసినా నిటారుగా నిలబడని అక్షరాలు.

గుండ్రంగా వేసిన కుర్చీలు అలాగే ఉన్నాయి. వాడు దేన్లో కూర్చుంటాడు? ఆమె ఒకదాంట్లో కూర్చుంది. లేచి పక్కదాంట్లో కూర్చుంది. గోడకి ఆనుకున్న కుర్చీ అయ్యుంటుంది, వాడికి వెనక ఖాళీ ఉంటే భయం. లేదా తలుపు దగ్గరిది.

ఇంజెక్షన్‌కి వచ్చిన ముసలమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "ఏంటమ్మా, ఒక్కదానివే కుర్చీలాట ఆడుతున్నావు? గెలిచావా?"

"లేదమ్మా" అని నవ్వి, సూది తీసింది.

గురువారం గుంపు నడపడానికి కాజాల పిన్నిని పంపింది. ఆ రోజు తను తన కేంద్రంలోనే ఉండిపోయింది. పదకొండయింది. ఇప్పుడు కుర్చీలు లాక్కుంటూ ఉంటారు. పదకొండుంపావు. ఇప్పుడు ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఎదురుగా కూర్చున్న రైతు తన కొడుక్కి వినపడే గొంతుల గురించి చెబుతున్నాడు. ఆమె గోడ గడియారం వంక చూడకుండా ఉండడానికి కుర్చీ తిప్పుకుని, ఆయన చెప్పే ప్రతి మాటా రాసుకుంది.

సాయంత్రం బండి వచ్చింది. పిన్ని దిగి, రిజిస్టరు చేతికిచ్చి, "పదకొండు మంది" అంది. డ్రైవరు ఆకాశం చూశాడు, టైరు తన్నాడు, ఇక ఆగలేకపోయాడు.

"నేను లోపలికి వెళ్లలేదు మేడం. బండిలోనే ఉన్నాను. ఎవరో ఒకాయన వచ్చి టీ ఇచ్చి వెళ్లాడు. అంతే. నన్ను గుర్తు..."

పిన్ని ఉరిమి చూసింది. ఆమె చెయ్యెత్తి, "వద్దు, చెప్పకండి" అంది. లోపలికి రెండడుగులు వేసింది. వెనక్కి తిరిగింది.

"చక్కెర ఎక్కువేశాడా?"

"నోరు అతుక్కుపోయింది మేడం."

ఆమె తల ఊపి, లోపలికి వెళ్లి, మందుల గదిలో తలుపు వేసుకుని చాలాసేపు ఉండిపోయింది.

ఆరు గురువారాలు అలాగే గడిచాయి. లెక్చరర్ చేతికర్రతో పనిలోకి వచ్చాడు. మరో రెండు వారాలకి, మధ్యాహ్నం భోజనం వేళ, తెలియని నంబరు నుంచి ఫోన్.

"అక్కా."

ఆమె నిలబడిపోయింది.

"లెక్చరర్ గారు ఊళ్లో లేరు. నీకే చేశాను. మీ వైపు మనిషి ఒకాయన ఇక్కడ కేంద్రానికి వచ్చాడు. తాగడం మానేసి మూడో రోజట. ఒళ్లంతా వణుకుతున్నాడు, చెమటలు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటున్నాడు. చీమల్లేవు. ఏం చెయ్యను?"

"ఆస్పత్రికి వెళ్లాలి, వెంటనే. నేను డాక్టరుకి చెబుతాను, అరగంటలో అక్కడి ఆస్పత్రి బండి వస్తుంది. ఒంటరిగా వదలకు."

"రానంటున్నాడు."

"మళ్లీ అడుగు. చెయ్యి పట్టుకుని కూర్చో. నువ్వు కూడా వస్తానని చెప్పు. లాక్కెళ్లొద్దు. అడుగు. అప్పుడు నేను అడగలేదు. అడగాల్సింది."

అవతల కుర్చీ దగ్గరికి లాగిన చప్పుడు వినిపించింది.

"ఆ ఆరు వారాలూ తలుపు వంకే చూశాను" అన్నాడు. "వస్తావనుకున్నాను. వద్దన్నా వస్తావని. రాలేదు."

"రమ్మంటే వస్తాను."

"ఇంకా అనలేనక్కా."

"సరే."

"తిన్నావా?"

"ఆ, తిన్నాను" అంది. ముట్టుకోని కంచం బల్ల మీద ఉంది.

మూడోసారి అడిగితే ఆ మనిషి బండెక్కాడట. తమ్ముడూ వెంట వెళ్లాడు. వారం తర్వాత మళ్లీ ఫోన్ చేసి, ఆయన కోలుకున్నాడని చెప్పాడు. ఆ పై వారం ఇంకేదో సందేహం అడగడానికి చేశాడు. సందేహం చిన్నదే. లెక్చరర్ని అడిగినా సరిపోయేది.

తనంతట తాను ఆ నంబరుకి ఆమె ఎన్నడూ చెయ్యలేదు. చెయ్యాలని రోజూ ఉండేది. "ఇంటికెప్పుడొస్తాడు మేడం?" అని డ్రైవరు అడిగితే, "తెలీదు. ఫోన్ చేస్తున్నాడుగా" అనేది.

వాడు మాట్లాడుతున్నంతసేపూ ఆమె మాటలతో పాటు వెనక చప్పుళ్లు కూడా వినేది. ఎక్కడో రంపం కోస్తున్న మోత. ఎవరో నవ్వుతూ వాణ్ణి కేకేయడం. గ్లాసులో తిరుగుతున్న చెంచా. ఫోన్ పెట్టేశాక వాటన్నిటినీ ఒకచోట చేర్చి, వాడుండే గదిని, వాడు నిలబడ్డ చోటుని, కిటికీలోంచి పడే వెలుతురుని ఊహించుకునేది. ఆ తర్వాత తలుపు తీసి, బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లలో ముందున్న వాళ్లను లోపలికి పిలిచేది.