ఎర్రనీళ్ల మీద రబ్బరు కప్ప

నేను ఒక రబ్బరు కప్పను. ఈ మాట కూడా కొంచెం అనుమానంగానే చెబుతున్నాను. జిల్లెళ్లకుంటలో ఒకసారి నిజం కప్ప ఒకటి నా పక్కనే తామరాకు మీద కూర్చుంది. నన్ను కిందికీ మీదికీ చూసి, ఏమనుకుందో ఏమో, నీళ్లలోకి దూకి వెళ్లిపోయింది. కప్పలు నన్ను కప్ప అనుకోవు. మనుషులు నన్ను ఎర అంటారు. చేపలు ఏమంటాయో ఇప్పటికీ నాకు తెలియదు.

నా వీపు పచ్చన, పొట్ట తెల్లన. కడుపులో గాలి తప్ప ఏమీ లేదు. కాళ్లకు బదులు రబ్బరు దారాల కుచ్చులు రెండు వేలాడుతుంటాయి. నా కింది నుంచి రెండు గాలాలు పైకి తిరిగి వీపును అంటిపెట్టుకుని ఉంటాయి. ఆకుల్లో, నాచులో ఎక్కడ ఈడ్చినా అవి చిక్కుకోవు. చేప నోరు మూసి నన్ను నొక్కినప్పుడే బయటపడతాయి. ఇంత తెలివిగా నన్ను చేసినవాడు, నేను ఎవరి కోసం పుట్టానో మాత్రం నాకు సరిగ్గా చెప్పలేదు.

ఎక్కడో పరదేశపు ఫ్యాక్టరీలో అచ్చులోంచి ఊడిపడగానే నన్నొక అట్టముక్కకు కట్టారు. దాని మీద పిడికిలి పట్టేంత నోరున్న చేప బొమ్మ ఉంది. పేరు బాస్. అమెరికా మంచినీటి చెరువుల్లో ఉంటుందట, కప్ప కనబడితే ఆగదట. నేను దాని కోసమే తయారయ్యాను. తీరా ఓడ దింపిన చోట ఆ చేపే లేదు. ఫోటో చూపించి పెళ్లికొడుకును చూపించని సంబంధం లాంటిది నాది.

హైదరాబాదులో ఒక గాలాల దుకాణంలో వేలాడుతుండగా సదానందం వచ్చాడు. హనుమకొండలో లిఫ్టులు బాగుచేసే మనిషి. చేపలు పట్టడం అతనికి రాదు. బాస్ అంటే ఏమిటో తెలియదు. కొర్రమీను పడుతుందా అని అడిగాడు. పడుతుందని షాపువాడు అన్నాడు. కొర్రమీను ఎవరో నాకు తెలియలేదు.

అతనికి కొర్రమీను ఎందుకు కావాలో ఇల్లు చేరాక అర్థమైంది. అతని భార్య కోమలకు గర్భసంచి తీసేశారు. పెళ్లై పదకొండేళ్లు, పిల్లలు లేరు, ఇక కలగరు. ఆపరేషన్ అయ్యాక ఆమెను తండ్రి మొండయ్య తన ఊరికి తెచ్చుకున్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. పెట్టింది పెట్టినట్టే ఉండేది. కుట్లు మానాలంటే తినాలని డాక్టరు అంటే, ఒకసారి మాత్రం, చిన్నప్పుడు నాన్న కుంటలోంచి తెచ్చిన కొర్రమీను పులుసైతే రెండు ముద్దలు తింటానేమో అన్నది. మార్కెట్లో కొన్న పెంపుడు చేప వండితే వాసన చూసి పళ్లెం నెట్టేసింది. అప్పటి నుంచి సదానందం ఆ రెండు ముద్దల కోసమే బతికాడు. లిఫ్టుల పనికి సెలవు పెట్టి, మామ ఊళ్లోనే ఉండి, జిల్లెళ్లకుంట గట్టు ఎక్కాడు.

అతనికి గురువు ఫోను. బాస్ చేపలు పట్టే వీడియోలన్నీ చూసి, దారం చేపకు కనబడకూడదని సన్న నైలాన్ దారం కొన్నాడు. వంగే గుణమున్న కర్ర కొన్నాడు. మొండయ్య డెబ్బై ఏళ్ల బెస్తాయన. బతికున్న కప్పను గాలానికి గుచ్చి వేసిన చేయి ఆయనది. అల్లుడి సరంజామా చూసి ఒకటే మాట అన్నాడు.

“అల్లుడా, తామరాకుల్ల సన్నదారం ఆగదు. చేప తెంపకున్నా ఆకే తెంపుతది.”

అల్లుడు వినలేదు. మూడోసారి విసిరేసరికి నేను తామర కాడకు చుట్టుకున్నాను, దారం పుటుక్కుమంది. రెండు రోజులు అక్కడే తేలుతూ, నా బాస్ వస్తుందేమోనని చూశాను. వచ్చింది మొండయ్య. నడుముదాకా నీళ్లలోకి దిగి నన్ను తీశాడు.

ఆ సాయంత్రం ఆయన నన్ను ఒళ్లో పెట్టుకుని పనిపట్టాడు. కుచ్చులను సగానికి కోసేశాడు. పొడుగ్గా ఉంటే చేప వాటినే పట్టి లాగుతుంది, గాలం దాకా రాదు. గాలం మొనలను గోరుమందం బయటికి వంచాడు. గట్టి అల్లిక దారం తెప్పించాడు, వంగని కర్ర తెప్పించాడు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడిపాడు. పొడిగా బిగిస్తే రాపిడికి దారం చచ్చిపోతుందట. నాలుగుసార్లు విసిరాక పొట్ట నొక్కి నీళ్లు పిండమన్నాడు. ఆకు అంచుకు రాగానే కదలకుండా ఆపమన్నాడు, కప్ప కూడా అక్కడే ఆగి ఆలోచిస్తుందట. నేను ఆలోచిస్తానని ఆయనకెలా తెలిసిందో!

చివరి సలహా అన్నిటికన్నా ముఖ్యమైనది. చేప అందుకోగానే గుంజకూడదు, నోట్లో సర్దుకునే దాకా ఆగాలి. ఎంతసేపని అల్లుడు అడిగాడు.

“నేనైతె మీ అత్త పేరు మూడుమాట్ల అనుకొని గుంజేటోణ్ని,” అన్నాడు మొండయ్య సిగ్గుపడుతూ.

ఆ తర్వాత పదిరోజులూ సదానందం ప్రతి విసురుకూ ‘కోమలా, కోమలా, కోమలా’ అని గొణగడం విన్నాను. ఒక్క చేపా రాలేదు. మనుషులు ప్రేమను కూడా గాలానికి కట్టి వాడుకుంటారని నాకు అక్కడే తెలిసింది.

ఒక ఉదయం మొండయ్య చేపల సొసైటీ మీటింగుకు వెళ్లాడు. సదానందం ఒక్కడే ఉన్నాడు. తామరాకుల పక్కన బండిచక్రమంత మేర నీళ్లు ఎర్రగా, మరుగుతున్నట్టు కదులుతున్నాయి. అతనికి వీడియో గుర్తొచ్చింది. చిన్నచేపలు గుంపుగా పైకి తేలి కుతకుతలాడితే కింద పెద్ద బాస్ వేటాడుతోందని అర్థం, ఎరను నడిమధ్యలో వేయాలి. వేశాడు.

నేను పడీ పడగానే కింది నుంచి ఒక దెబ్బ. గాల్లోకి లేచాను. మళ్లీ దెబ్బ, నోరు మూసుకునే. ఆకలైనవాళ్లు అన్నాన్ని తంతారా? నాకు అయోమయంగా ఉంది. మూడోసారి నోరు తెరిచి నన్ను పట్టి కిందికి లాక్కుపోయింది. పైన కోమల పేరు మూడుసార్లు వినబడింది, కర్ర లేచింది. ఎట్టకేలకు నన్నొకరు తిన్నారన్న సంతోషంలో మిగతావేవీ పట్టించుకోలేదు. అది బాస్ కాదు, నల్లటి కొర్రమీను. అయినా నాకు బెంగ లేదు.

సదానందం దాన్ని బకెట్లో వేసి, తడి గోనె కప్పి, పరుగున ఇంటికి తెచ్చాడు. తొందరలో నన్ను చేప పెదవి నుంచి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. కొర్రమీనుకు గాలి పీల్చడం వచ్చు, తడి ఉంటే ఒక పూట గడుపుతుంది. మంచం పక్కన బకెట్ పెట్టి గోనె తీశాడు. కోమల తల తిప్పి చూసింది. ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది.

“ఏడ పట్టినవ్ బావా?”

అతను గొప్పగా చెప్పాడు, ఎర్రనీళ్ల సంగతి, వీడియో సంగతి, మూడు దెబ్బల సంగతి. చెబుతుండగానే ఆ వెలుగు పోయింది. ఆమె పొట్ట పట్టుకుని లేచి కూర్చుంది.

“ఆ ఎర్రగున్నయి దాని పిల్లలు. అది తిననీకె రాలే, కాపలున్నది. మా నాయిన పిల్లలు నల్లబడి చెదిరేదాంక ఆడ గాలమేయడు.”

ఇన్నాళ్లకు నన్ను తిన్న ఒకే ఒక్క చేప నన్ను తినలేదు. తరమబోయి పట్టుబడింది.

సదానందం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నీ కోసమే గద పట్టిన,” అన్నాడు.

“నా కోసమే ఇడ్సిపెట్టు. నేను గూడ వస్త.”

కుదుపులు కూడవని డాక్టరు చెప్పిన మాట గుర్తు చేశాడు. ఆమె అప్పటికే బకెట్ పిడి పట్టుకుని నిలబడింది. మూడు వారాల్లో తనంతట తాను నిలబడడం అదే మొదలు. పక్కింటి ఆటోను నడకంత నెమ్మదిగా పోనిచ్చి కుంటకు తీసుకెళ్లారు. మీటింగు నుంచి వస్తున్న మొండయ్య, చేతిలో సద్దిడబ్బాతో గట్టు మీద ఎదురుపడ్డాడు. బకెట్లోకి చూశాడు.

“తప్పు నాదే. దారం గురించి చెప్పిన, ముడి గురించి చెప్పిన. ఇది చెప్పాల్నని యాదికే రాలే. మా ఇంట్ల పుట్టినోళ్లకు చెప్పే పనే పడలేదు.”

పట్టిన చోటే వదిలారు. చేప కాసేపు ఒడ్డు పక్క నీళ్లలోనే ఆగింది, తర్వాత ఒక్క తోకదెబ్బతో పోయింది. నీళ్లు మామూలుగా ఉన్నాయి, ఎరుపు ఎక్కడా లేదు. చేపను పట్టి రెండు గంటలు దాటిపోయింది మరి. ఈలోగా పిల్లలను వేరే చేపలేవైనా తినేసి ఉంటాయా? సదానందం జేబులోంచి సగం బయటికి వచ్చి నేనూ చూశాను, ఏది గెలుపో ఏది ఓటమో తెలియక.

చాలాసేపటికి అవతలి గుర్రపుడెక్క పక్కన అరచేతంత మేర నీళ్లు ఎర్రబడ్డాయి. మెల్లగా చేటంత అయ్యాయి. కింద ఒక నల్లని నీడ వాటి చుట్టూ తిరిగింది. కోమల ఏడ్చింది. ఆపరేషన్ తర్వాత అప్పటిదాకా ఆమె ఏడవడం చూడలేదని మొండయ్య తర్వాత ఎవరితోనో అంటుంటే విన్నాను. ఏడుపు ఆగాక, ఆ డబ్బాలో ఏముందని తండ్రిని అడిగింది.

ఇప్పుడు హనుమకొండలో వాళ్ల వంటింటి కిటికీలో, పోపుల డబ్బా పక్కన ఉంటున్నాను. గాలాలను కటింగ్ ప్లయరుతో కత్తిరించేశారు. కుంటలో పిల్లలు నల్లబడి ఎటువాళ్లటు పోయాక అక్కడ గాలం వేయడానికి మొండయ్య సరేనన్నాడు. సదానందం ఇంకో కప్పతో ఇంకో చేపను తెచ్చాడు, కోమల పులుసు కూడా పెట్టింది. దుకాణంలో నన్ను కట్టి ఉంచిన ఆ అట్టముక్కను ఆమె పారేయలేదు. నా వెనక నిలబెట్టింది. అందులోని చేప ఇప్పటికీ నోరు తెరుచుకునే ఉంది.

నా వీపు మీద పంటిగాట్లు ఉన్నాయి. కోమల ఒక్కోసారి వాటిని వేలితో తడుముతుంది. లెక్క చూస్తే నేను పట్టి ఇంట్లో వండించిన చేప ఒక్కటీ లేదు. పనికొచ్చిన ఎరనా, పనికిరాని ఎరనా అని నన్నడిగితే చెప్పలేను. ఆ రోజు గట్టు మీద కూర్చుని, మొండయ్య డబ్బాలోని చల్లారిన జొన్నరొట్టెలను పచ్చిపులుసులో ముంచుకుని, కోమల ఒకటిన్నర తిన్నది. మిగిలిన సగం సదానందం చేతిలో పెట్టింది.